క్యారేజీ విప్పిన చోట

తెనాలిలో మా అక్క కొడుకు విక్టర్ ఇంటికి వెళ్లేసరికి హాలు మధ్యలో కొత్త ట్రంకు పెట్టె తెరిచి ఉంది. పక్కన బకెట్టు, మగ్గు, చుట్టి పెట్టిన పరుపు. పెట్టెలో తువ్వాళ్లు, సబ్బులు, స్టీలు కంచం, గ్లాసు. విక్టర్ కూతురు కెజియా పదో తరగతి పాసయింది. పిల్లను డాక్టరు చదువు కోచింగు హాస్టల్లో దింపడానికి సర్దుతున్నారు. తెచ్చిన మామిడిపళ్లు ఓ పక్కన పెట్టి, ఊరికే కూర్చునే అలవాటు లేక, కంచం ఎత్తి చూశాను. దాని కింద మా ఎస్తేరు పెద్దమ్మ స్పూను ఉంది. బరువైన పాతకాలపు జర్మన్ సిల్వర్ స్పూను, కాడ చివర కాస్త వంగి ఉంటుంది. పెద్దమ్మ పోయాక అది అక్క దగ్గరకు చేరింది. అక్క పోయాక ఈ ఇంట్లో ఏ పంచదార డబ్బాలోనో పడి ఉంటుందనుకున్నాను. "కొత్తది కొనడం ఎందుకని అదే వేశాను అత్తయ్యా" అంది విక్టర్ భార్య సునీత. నేను స్పూను తీసి చీర కొంగుతో తుడిచి చేతిలోనే ఉంచుకున్నాను. మళ్లీ ఆ పెట్టెలో వెయ్యబుద్ధి కాలేదు.

ఆ పెట్టె కొనడానికి కారణమైన సభకు కిందటి నెల నేనూ వెళ్లాను. ‘పది తర్వాత ఏంటి’ అని పెద్ద ఫ్లెక్సీ కట్టి, పెళ్లిళ్లు జరిగే ఏసీ హాల్లో కోచింగు వాళ్లు పెట్టారు. గుమ్మంలో ఒకమ్మాయి రెండు బుట్టల నిండా రిబ్బన్లు పెట్టుకుని కూర్చుంది. నీలం రిబ్బను ఇంజనీర్లకు, ఆకుపచ్చది డాక్టర్లకు. ఇడ్లీయా వడా అని అడిగినట్టు "ఇంజనీరాండి, డాక్టరాండి?" అని అడుగుతోంది, అదీ పిల్లల్ని కాదు, పక్కనున్న తండ్రుల్ని. విక్టర్ "డాక్టరు" అన్నాడు. కెజియా చెయ్యి చాపింది, ఆకుపచ్చ రిబ్బను కట్టేశారు. ఏం చదవాలో తెలుసుకోవడానికి వచ్చిన పిల్లకు గుమ్మంలోనే తేల్చేశాక ఇక లోపల చెప్పేదేముందని నాకు అప్పుడే ఒళ్లు మండింది. లోపల కోటు వేసుకున్న కుర్రాడొకడు చెవికి మైకు తగిలించుకుని స్టేజీ మీద అటూ ఇటూ తిరుగుతూ పిల్లలందర్నీ కళ్లు మూసుకోమన్నాడు. ఒంటి మీద తెల్లకోటు ఊహించుకోమన్నాడు, మెడలో స్టెతస్కోపు ఊహించుకోమన్నాడు, ఎదురుగా అమ్మానాన్నలు ఆనందంతో ఏడుస్తున్నట్టు ఊహించుకోమన్నాడు. వెనకాల వయొలిను వేశారు. కొందరు తల్లులు నిజంగానే ఏడ్చారు. అంతసేపు ఊహించుకున్నా అందులో ఒక్క రోగి లేడు. ఒక్క పుండు లేదు, ఒక్క వాంతి లేదు, మూలిగే ముసలమ్మ ఒక్కత్తి లేదు.

చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాడు. నేను పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. రైతుల మీటింగుల్లో అరిచి అరిచి మైకంటే భయం పోయింది. లేచి, "బాబూ, ఈ ఉద్యోగాల్లో రోత ఏంటో కూడా కాస్త చెప్పండి. భరించగలరో లేదో పిల్లలు చూసుకుంటారు" అన్నాను. హాలంతా నవ్వింది. అతనూ నవ్వి, "మామ్మగారూ, ఇప్పుడన్నీ మిషన్లేనండి. చెయ్యి కూడా మాయక్కర్లేదండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు కడుపులో తిప్పింది. నా సర్వీసులో పురుగులు పట్టిన గిట్టలు కడిగాను, కుళ్లిన పొదుగులు పిండాను. ఏనాడూ అలా తిప్పలేదు.

మా నాన్న రేపల్లెలో మిషన్ బడి పంతులు. మేముండే పాలెంలో ఎవరి పిల్లలు బడి చివర పెద్ద పరీక్ష రాసినా, ఫలితాలు వచ్చేలోపు వాళ్లను వెంటబెట్టుకుని, ఎవరో ఒకరు పని చేసుకునే చోటికి తీసుకుపోయేవాడు. ఈ పనికి ఆయన ఏ పేరూ పెట్టలేదు, చెయ్యమని ఎవరూ అడగనూ లేదు. పొద్దున్నే తీసుకెళ్లి అక్కడొక మూల కూర్చోబెట్టేవాడు. ఇది చూడు, అది చూడు అని చెప్పేవాడు కాదు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంటి నుంచి తెచ్చిన క్యారేజీ అక్కడే, ఆ పని మధ్యలోనే విప్పేవాడు. చెట్టు కిందకి పోదాం మాస్టారూ అన్నా, వరండాలోకి పోదాం అన్నా ఒప్పుకునేవాడు కాదు. అన్నం, పప్పు, ఏదో ఒక పచ్చడి. పిల్లలు చేత్తో కలుపుకుని ఎలా తింటారో చూస్తూ కూర్చునేవాడు. అంతే ఆయన పరీక్ష. "పని అన్నాక రోత ఉంటుంది. ఒక్కో పనిది ఒక్కో రోత. దాని మధ్య కూర్చుని చేత్తో అన్నం తినగలిగితే ఆ పని నీది. మిగతాది నేర్చుకుంటే వస్తుంది" అనేవాడు. నీకేం ఇష్టం అని ఏ పిల్లనీ అడగగా నేను వినలేదు. ఆ వయసులో ఇష్టం పండక్కి కొనే గుడ్డలాంటిదని, ఒక ఉతుక్కే రంగు పోతుందని ఆయన నమ్మకం. నిజాంపట్నం నుంచి వచ్చి మా బడిలో చదివిన ఒక కుర్రాడిని, పడవల వాళ్ల పిల్లాడే, ఎండుచేపల దిబ్బల దగ్గర కూర్చోబెడితే ముద్ద మింగలేకపోయాడు. నాన్న వాళ్ల ఇంటికి వెళ్లి, "మీవాడికి చేప పడదయ్యా, బలవంతం చెయ్యకండి" అని చెప్పి వచ్చాడు. ఆ తండ్రికి కోపం వచ్చింది. తర్వాత ఆ అబ్బాయి పేరాలలో మగ్గం గుంటలో కూర్చుని, గంజి కంపు మధ్య హాయిగా తిన్నాడట.

మా ఇంట్లో పెద్దదిక్కు మాత్రం నాన్న కాదు, ఎస్తేరు పెద్దమ్మ. మా అమ్మకు అక్క. పెళ్లి చేసుకోకుండా మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేరి, మా ఇంట్లోనే ఉండేది. ఆమె డ్యూటీ దిగి వచ్చేవేళకు ఇంట్లో ఒక క్రమం నడిచేది. పెరట్లో రాగి డేగిశాలో నీళ్లు మరుగుతూ ఉండాలి. ఆమె స్నానం అయ్యేదాకా పిల్లలెవరూ దగ్గరకు పోకూడదు. విప్పిన తెల్లబట్టలు అమ్మ విడిగా ఉడకబెట్టి గంజి పెట్టేది. కార్బాలిక్ సబ్బు వాసన, గంజి వాసన, పొయ్యి మీద చింతపండు పులుసు వాసన కలిసిందంటే మాకు సాయంత్రం అయినట్టు. ఆ తర్వాత చాప పరిచి ప్రార్థన. ప్రార్థన తర్వాత భోజనం. అందరం కింద కూర్చుని చేత్తో తినేవాళ్లం, పెద్దమ్మ ఒక్కతే పీట మీద కూర్చుని స్పూనుతో తినేది. పులుసన్నమైనా స్పూనే, ఆవకాయ అన్నమైనా స్పూనే. ఆస్పత్రిలో దొరసాని దగ్గర నేర్చిన నాగరికత అనుకుని ఊరంతా దానికి గౌరవం ఇచ్చేది. మా అక్కా నేనూ దొంగచాటుగా ఆ స్పూనుతో తిని, దొరసానుల్లా మూతి తుడుచుకునేవాళ్లం.

నేను నర్సు కావాలన్నది పెద్దమ్మ నేను పుట్టినప్పుడే అనుకున్న మాట. అక్కకు పెళ్లి, నాకు నర్సింగు. పెద్ద పరీక్ష రాశాక నాన్న అందరి పిల్లల్లాగే నన్నూ తీసుకెళ్లి ఆస్పత్రి ఆడవాళ్ల వార్డులో కూర్చోబెట్టాడు. పెద్దమ్మ మురిసిపోయింది. ఆ రోజు మంచం మీద కొల్లూరు లంకల్లో కూలికి పోయే ముసలామె ఉంది. కాలి పుండు పురుగు పట్టింది. పెద్దమ్మ టర్పెంటైను చుక్కలు వేసి, పట్టకారుతో ఒక్కొక్క పురుగూ తీసి పళ్లెంలో వేస్తూ, "ఓర్చుకోమ్మా, అయిపోవచ్చింది" అని బుజ్జగించింది. మొహం మీద చిన్న ముడత కూడా లేదు. ముసలామె "నీ చెయ్యి చల్లనమ్మా" అంది. మధ్యాహ్నం నాన్న అక్కడే, వార్డు చివర బల్ల మీద క్యారేజీ విప్పాడు. పెద్దమ్మ వచ్చి కూర్చుని స్పూను తీసింది. నేను మూత తీసి తెల్లటి మెతుకులు చూశాను. మెతుకులు కదిలినట్టనిపించింది. బల్ల మీదే కక్కేశాను. పెద్దమ్మ నా వీపు రాసి, నేల తుడిపించి, మళ్లీ స్పూనుతో తన అన్నం తాను తిన్నది.

ఇంట్లో అది పెద్ద గొడవైంది. "రోత గర్వం నుంచి పుడుతుంది మాస్టారూ. పిల్లకు గర్వం ఉంది. ప్రార్థన చేస్తే పోతుంది" అంది పెద్దమ్మ. "గర్వం కాదు వదినగారూ, కడుపు. కడుపు అబద్ధం చెప్పదు" అన్నాడు నాన్న. పెద్దమ్మ మాటే నెగ్గింది. పాస్టరుగారిని పిలిపించి ఉపవాస ప్రార్థన పెట్టించింది. పాలెంలో పెద్దలంతా మా వసారాలో కూర్చుని, ఈ బిడ్డకున్న అసహ్యాన్ని తొలగించమని పేరుపేరునా ప్రార్థించారు. నా నెత్తి మీద చేతులు పెట్టారు. ఆకలికి నాకు కళ్లు తిరుగుతుంటే దయ్యం దిగుతోందన్నట్టు చూశారు. ఒక పిల్ల అన్నం కక్కుకుంటే ఊరంతా కూడి దేవుడికి ఫిర్యాదు చేసిన ఊరు మా పాలెం ఒక్కటే అయి ఉంటుంది. ఇప్పటికీ తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. కానీ ఒకటి చెప్పాలి. వాళ్లు నన్ను చూశారు. నా కడుపులో ఏం జరిగిందో వాళ్లందరికీ తెలుసు.

నాన్న ఆ తర్వాత ప్యాసింజరు బండిలో తెనాలి తీసుకెళ్లి తన స్నేహితుడి ప్రెస్సులో కూర్చోబెట్టాడు. సీసపు అక్షరాలు కిరసనాయిలుతో కడుగుతుంటే అన్నం తిన్నాను గాని, తింటూనే నిద్రపోయాను. నాన్న తల ఊపి క్యారేజీ సర్దేశాడు. మరో రోజు బాపట్ల. అక్కడ నాన్నతో కలిసి చదువుకున్న పశువుల డాక్టరుగారు ఉండేవారు. మేం వెళ్లేసరికి ఒక రైతు గేదెను తోలుకొచ్చాడు. దూడను ఈని రోజులైనా మాయ పడలేదు, లోపలే కుళ్లింది. ఆ కంపుకు చుట్టూ ఉన్న మగవాళ్లు తుండుగుడ్డలు ముక్కులకు కట్టుకుని దూరంగా పోయారు. డాక్టరుగారు చొక్కా విప్పి భుజం దాకా చెయ్యి పెట్టి, "తోక పట్టుకునేవాళ్లు లేరా?" అన్నారు. నేను లేచి వెళ్లి పట్టుకున్నాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. మాయ ముక్కలు ముక్కలుగా వచ్చి నా కాళ్ల దగ్గర పడుతుంటే నేను గేదె పొట్ట మీద చెయ్యి వేసి చూస్తున్నాను. అది పెద్దగా ఊపిరి వదిలింది, నేనూ వదిలాను. మధ్యాహ్నం ఆ కొట్టంలోనే నాన్న క్యారేజీ విప్పాడు. పెరుగన్నంలో గోంగూర నంజుకుని, వేళ్లు నాకుతూ, నాన్న వంతు కూడా తిన్నాను. "చేతులు బాగా కడుక్కున్నావా?" అన్నాడు. "కడుక్కున్నాను నాన్నా" అన్నాను. "సరే అయితే" అన్నాడు.

ఇంట్లో భోజనాల దగ్గర నాన్న సంగతి చెప్పాడు. అమ్మ బిత్తరపోయింది. ఆడపిల్ల గేదెల వెనక నిలబడే చదువేంటి, సంఘంలో ఏమంటారు అంది. అందరం పెద్దమ్మ వైపు చూశాం. ఆమె చేతిలో స్పూను కంచం అంచుకు ఆనించి పెట్టి, "నాకు ఎవరూ క్యారేజీ విప్పలేదు మాస్టారూ" అంది. నాన్న తల దించుకున్నాడు. ఆమె మా ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "చేరిన కొత్తలో ఒక కురుపు కడిగాను. చెయ్యి ఎన్నిసార్లు తోముకున్నా నోటి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. ఆకలేస్తుంది, చెయ్యి లేవదు. అప్పుడు తెచ్చుకున్నాను ఈ స్పూను. అలవాటు అవుతుందన్నారు. అలవాటు కాలేదు. నవ్వుతూ చెయ్యడం అలవాటైంది, అంతే." తర్వాత నా వైపు తిరిగి, "పోవే రూతూ, ఆ గేదెల చదువుకే పో. చేత్తో తిను" అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్లిపోయింది. మేం దొరసాని ఆట ఆడిన స్పూను అది. ఆ తర్వాత నేను దాన్ని ముట్టుకోలేదు.

ఎందరో రోగులు ఆమె చెయ్యి చల్లనిదని చెప్పుకుని దణ్ణం పెట్టారు. ఆ చెయ్యి ఆమెకు అన్నం పెట్టలేదు. ఆమె పనిలో లోపం లేదు, ఆమె సేవ అబద్ధం కాదు. కానీ ముందుగా ఒక్క మధ్యాహ్నం ఎవరైనా కూర్చోబెట్టి చూసి ఉంటే ఆమె ఏమై ఉండేదో. బాగా పాడేది, లెక్కలు బాగా చేసేది, మొక్కలంటే ప్రాణం. ఇప్పుడు మళ్లీ ఆ రిబ్బన్ల హాలు గుర్తొస్తే నాకు రోత పుడుతుంది, వేరే మాట దొరకదు. మా పాలెం వాళ్లకు లోకం తెలియదు, ఆడపిల్లలకు రెండు మూడు దారులే చూపించారు, పట్టుదలకు పోయారు, అన్నీ ఒప్పుకుంటాను. వీళ్లకు అన్నీ తెలుసు. చేతిలో ఫోన్లున్నాయి, తెర మీద ప్రపంచమంతా ఉంది. అయినా పిల్లను తీసుకెళ్లి ఒక పని ముందు, ఒక మనిషి ముందు ఒక్క పూట కూర్చోబెట్టరు. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు బస్సుల వెనకాల అంటించి తిప్పుతారు. సంతలో పశువుల్ని ఇంతకంటే మర్యాదగా చూస్తారు. కనీసం పళ్లు చూసి, నడిపించి, మేత వేసి చూస్తారు.

ట్రంకు పెట్టె దగ్గర కూర్చుని విక్టర్‌తో అదే అన్నాను. "ఒక్క రోజు నాతో పంపరా. గవర్నమెంటు ఆస్పత్రిలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. వార్డులో కూర్చోబెట్టి తీసుకొస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఆస్పత్రికా? ఇన్ఫెక్షన్లు పిన్నీ. ఎల్లుండి నుంచి క్లాసులు. జొరం గిరం తెచ్చుకుంటే వెనకబడిపోద్ది."

డాక్టరు కావలసిన పిల్లకు ఆస్పత్రికి పోతే ఇన్ఫెక్షనట. "మీ రోజులు వేరు పిన్నీ. ఇప్పుడు కాంపిటీషను. ఇష్టాలూ రోతలూ చూసుకుంటా కూర్చుంటే సీటు వేరేవాడు ఎగరేసుకుపోతాడు" అని, ఇంకేదో సామాను తేవడానికి బజారుకు వెళ్లిపోయాడు. విక్టర్ చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. అందుకే నాకు ఇంకా అసహ్యం వేసింది, ఇంత ప్రేమ ఉన్నవాడు కూడా ఆ బుట్టలో చెయ్యి పెట్టి రిబ్బను తీసుకున్నాడు.

సునీత వంటింట్లోకి వెళ్లాక కెజియాను పక్కన కూర్చోబెట్టుకుని స్పూను కథ చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నది. "నీకేం అవ్వాలనుందమ్మా?" అని అడగలేదు, నాన్న అడిగేవాడు కాదు గనుక. "ఆ హాస్టలు చూశావా?" అన్నాను.

"చూశాను మామ్మా. రూముకి ఎనిమిది మంది. కిటికీలకి మెష్ కొట్టేశారు. పొద్దున్నించి పడుకునేదాకా క్లాసులే."

"భరించగలవా?"

"తెలీదు మామ్మా. నాన్న చాలా ఆశ పెట్టుకున్నాడు." ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతు చిన్నపిల్ల గొంతులా లేదు, బాకీ తీర్చే మనిషి గొంతులా ఉంది.

"సరే. అక్కడ చేత్తో కలుపుకుని తిను. ఏ రోజైనా చెయ్యి నోటికి పోకపోతే, ఆ రోజు నాకు ఫోన్ చెయ్. వచ్చి తీసుకొస్తాను. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను."

"ఫోన్లు ఉండనివ్వరు మామ్మా. ఆదివారం వార్డెన్ మేడమే ఫోన్ ఇస్తారంట. పక్కనే నిలబడతారు, స్పీకరు పెట్టాలంట." నా చేతిలో ఉన్న స్పూనును నా వేళ్లతో సహా మూసేసి, "ఇది నీ దగ్గరే ఉంచు మామ్మా. నేను స్పూను కావాలని అడిగితే నీకు అర్థమైపోద్ది కదా" అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం గుడిలో ఆరాధన అవగానే రేపల్లెలో బండెక్కి తెనాలి వస్తున్నాను. ఫోను వచ్చే వేళకు విక్టర్ ఇంట్లో ఉంటున్నాను. మామ్మకు మనవరాలి మీద ఇంత బెంగేంటని సునీత ఆటపట్టిస్తుంది. పిల్ల ప్రతి వారం అవే మాటలు చెప్పేది. బాగున్నాను, టెస్టులు బాగా రాశాను, అన్నం బాగుంది. వెనకాల ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపించేది. విక్టర్ మార్కులు అడిగేవాడు, పిల్ల చెప్పేది, ఫోను పెట్టేసేవారు.

మొన్న ఆదివారం కూడా అన్నీ చెప్పింది. బాగున్నాను, టెస్టులు బాగా రాశాను. విక్టర్ సంతోషంగా తలూపుతున్నాడు. చివర్లో, "మామ్మ ఉందా అక్కడ? మామ్మా, నా స్పూను మర్చిపోయాను. తెస్తావా?" అంది. గొంతు మామూలుగానే ఉంది, పట్టకారు పట్టుకున్న పెద్దమ్మ గొంతులా. ఫోను కట్టయింది.

"స్పూను కోసం ఎందుకత్తయ్యా, అక్కడే కొనుక్కోవచ్చుగా" అని సునీత నవ్వింది. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను. అక్కడ పుండు లేదు, పురుగు లేదు, కంపు లేదు. పుస్తకాలూ, బల్లలూ, ఏసీ. అయినా పిల్లకు చెయ్యి నోటికి పోవడం లేదు. విక్టర్ లేచి నిలబడి, "ఎక్కడికి పిన్నీ, ఇప్పుడు కలవనివ్వరు" అన్నాడు.

"నువ్వూ వస్తున్నావు. బండి తియ్" అన్నాను. "సునీతా, క్యారేజీ కట్టమ్మా. అన్నం, పప్పు, కాస్త ఆవకాయ. స్పూను వెయ్యకు."